పద్నాలుగో పైపు

రామేశ్వరమ్మ ఇల్లు అమ్ముతాదని తెలిసిననాడు నాకేం బాధ కాలేదు. అద్దెకుండేవానికి ఇల్లు ఎవురిదైతే ఏమి? కొనేది మా సడ్డకుడు ఈరేషు అని తెలిసినాకనే నాకు అన్నం సయించలేదు.

సడ్డకుడంటే నా పెండ్లాం మహాదేవికి చెల్లెలైన అంజలి మొగుడు. డోను పక్క పల్లెటూరివాడు. పెండ్లయిన కొత్తలో పనీపాటా లేకుండా తిరుగుతాంటే మా అత్త చెప్పిందని నేనే పనిలో పెట్టుకున్నా. నాది బోరు మోటర్లు దించే పని. వేంపల్లె చుట్టూ ముప్పై ఊర్లలో ఏ బోరులో మోటరు ఎన్ని అడుగుల్లో ఉండాదో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా. ఏడో తరగతి సగంలో బడి ఇడిసిపెట్టి పానా పట్టుకున్నోణ్ణి. పుస్తకంలో లెక్క రాలేదు గాని ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఈరేషుకి పానా ఇచ్చి నట్టు బిగించరా అంటే ఆ పానాను బోరులో పడేసినాడు. రెండు దినాలు గాలం వేసి తీసినా. "అన్నా, ఇది నా చేత అయ్యే పని కాదు" అని వాడు రాయచోటిలో ఏజెంటును పట్టుకోని కువైటుకు పోయినాడు, షేకుల కారు నడిపేకి.

వాడు పదహారేండ్లు కారు నడిపినాడు. నేను పదహారేండ్లు పైపులు మోసినా. వాని భుజాలు ఇప్పటికీ నున్నగా ఉండాయి. నా కుడి భుజం మీద కొబ్బరిచిప్పంత కాయ కాసింది.

వాడు సెలవులకు వచ్చినప్పుడల్లా బనగానపల్లెలో మా అత్త ఇంట్లో సంబరమే సంబరం. ఇద్దరల్లుళ్ళం పక్కపక్కన కూచుంటే నెయ్యి మొదట వాని విస్తట్లోకి. మామిడికాయల కాలంలో వానికి గంప, నాకు సంచి. వాని గంపలో పైనా కిందా ఒకే తీరు కాయలు. నా సంచిలో అడుగున ఉండేవి మచ్చలవి. నేను ఒలకబోసి చూసినా. వరసగా రెండేండ్లు చూసినా. మహాదేవి నవ్వింది. "కాయల్ని కూడా ఎంచుతాండావా?" ఎంచకపోతే ఎట్ల తెలుస్తాది?

కువైటు ఇడిసిపెట్టి వచ్చేసినోడు వాళ్ళ ఊర్లోనే ఇల్లు కొనుక్కోవచ్చు కదా. లేదు. "అంజలి వాళ్ళక్క పక్కన ఉంటానంటాండాది" అని, మేముండే ఇంటికే వచ్చినాడు.

ఆ ఇంటికి ముందర మూడు గదులు, ఎనక రెండు. ముందర రామేశ్వరమ్మ ఉండేది. ఆసుపత్రిలో నర్సమ్మగా చేసి రిటైరైంది, కడపలో వాళ్ళక్క దగ్గరికి పోవల్లని అమ్మకానికి పెట్టింది. ఎనక రెండు గదుల్లో పన్నెండేండ్లుగా మేము. మేము చేరినప్పుడు ఎనక పక్క ఏముండె? నాలుగు గోడలు, ఒక బల్బు. వంటింట్లో కడప బండతో అరుగు నేను వేసినా. గోడలో బండల అలమర నేను దిగేసినా. ఫ్యాన్లు, సింకు, మిద్దె మీద ట్యాంకుకు పైపులు, అన్నీ నా చెయ్యే.

ఇంక బోరు సంగతి. ఆరేండ్ల కింద రామేశ్వరమ్మ ఒక బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏం రాలేదు. రెండోదానికి నేనే అరచేతిలో టెంకాయ పండబెట్టుకోని పెరడంతా తిరిగినా. బట్టలుతికే బండ పక్కకు పోతానే టెంకాయ లేచి నిలబడింది. ఆడ వేస్తే రెండు నూర్ల నలభై అడుగుల్లో కొంచెం, నాలుగు నూర్ల కాడ మస్తుగా నీళ్ళు పడినాయి. తవ్వించింది ఆమె. మోటరు, పైపులు, కేబులు, స్టార్టరు డబ్బా నావి. నీళ్ళు ఇద్దరికీ.

అయితే ఆ బోరులో ఒక తిక్క ఉండాది. రెండు నూర్ల డెబ్బై అడుగుల కాడ పక్క నుంచి ఒక రాతి మొన పొడుచుకోని వచ్చింది. మొదట నాలుగు నూర్లకు దించుదామని పోతే మోటరు ఆ రాతి కాడ ఇరుక్కుంది. నేను, నా జతగాడు ఏసుకుమార్, నాలుగు దినాలు పడినాం దాన్ని పైకి తీసేకి. రాకపోయింటే మోటరూ పోయె, బోరూ పోయె. ఆపొద్దు నుంచి పదమూడు పైపుల మీదనే నిలిపినా. పైపు ఇరవై అడుగులు. పదమూడు దించితే రెండు నూర్ల అరవై. సన్నంగానైనా నీళ్ళు వస్తాయి. పద్నాలుగో పైపు దించితే మోటరు పోయి రాతి మీద కూచుంటాది. ఈ సంగతి ఎరిగినోళ్ళు ఇద్దరే, నేనూ ఏసుకుమారూ.

అగ్రిమెంటు రాసే దినం కంబన్న వచ్చినాడు. దస్తావేజులు రాసే మనిషి. ఇండ్ల తగాదాల్లో మా పక్క ఆయన మాటే మాట. రామేశ్వరమ్మ ఈరేషునూ అంజలినీ ఎంటబెట్టుకోని ఇల్లు చూపిస్తాండాది, సంతలో ఎద్దు నోరు తెరిచి పండ్లు చూపించినట్టు.

"ఇదో, బండల అలమర. ఇదో, వంట అరుగు, అద్దం మాదిరి ఉండాది. ఫ్యాన్లు మూడు. బయట మోటరు, స్టార్టరు. అన్నీ ఇంటితోనే."

ఈరేషు అరచేత్తో అరుగు నిమిరినాడు. "శానా నున్నగా ఉండాది కదన్నా," అన్యాడు నాతో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఉండదా మరి? నా మోకాలి చిప్పలు అరిగితే అది నున్నగయ్యింది. పెద్దమ్మా, అమ్ముకుంటే నీ గోడలు అమ్ముకో. నా సామాన్లు ఎందుకు చూపిస్తాండావు?"

"నీ సామాన్లేంది వీరభద్రా? నీ సౌకర్యానికి నువ్వు వేసుకున్యావు. ఇంట్లో వేసింది ఇంటిదే."

"అయితే మహాదేవి కూడా పన్నెండేండ్లుగా ఈడనే ఉండాది. రాసుకోప్పా కంబన్నా. ఆడమనిషి ఒకటి, పాతది, పని చేస్తాది."

అంజలి పక్కున నవ్వింది. మహాదేవి నవ్వలేదు.

కంబన్న అద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్యాడు. "గొంతులెందుకప్పా? దీనికి మన పెద్దోళ్ళ నాటి నుంచి ఒక పద్ధతి ఉండాది. ఊడదీస్తే గోడ చెడేది ఇంటిది. గోడ చెడకుండా వచ్చేది మనిషిది. అలమర పెరికితే గోడ కూలతాది, అది ఇంటిది. అరుగూ అంతే. ఫ్యానూ బల్బూ గోడకు నొప్పి తెలీకుండా వస్తాయి. అవి వీరభద్రవి."

"మోటరో?" అన్యాది రామేశ్వరమ్మ.

"బోరు ఇంటిది. మోటరు మనిషిది."

నేను గెలిచినా. గెలిచిన సంతోషం బీడీ ఒకటి కాలేంతసేపు కూడా లేదు. ఈరేషు నా భుజం మీద, అదే కాయ కాసిన భుజం మీద, చెయ్యేసినాడు. "దాందేముందన్నా, నీ మోటరు నువ్వు తీసుకో. ఉండనిస్తానంటే ఎంతో చెప్పు, ఇస్తా. అయినా మీరు యాడికి పోతారు? ఎనక గదులు మీవే. వదినా, నువ్వన్నా చెప్పు. అద్దె గిద్దె మాటే లేదు. ఊరికే ఉండండి."

ఊరికే! పానా పట్టుకునేకి రానోడు నన్ను ఊరికే ఉండమంటాండాడు. నేను మహాదేవి దిక్కు చూసినా. ఆమె మొగంలో వెలుగు. పన్నెండేండ్లలో నేను ఎన్ని తెచ్చిచ్చినా రాని వెలుగు.

"ఊరికే ఉండేకి నేనేమన్నా నీ ఇంటి బల్లినా?" అన్యా. "నెల తిరిగే లోపల ఖాళీ చేస్తాం."

ఆ మాపటేళ మహాదేవి నాకు సంగటి ముద్ద పెట్టి ఎదురుగా కూచున్యాది. ఆమె ఎదురుగా కూచుంటే నాకు ముద్ద దిగదు.

"బల్లి నీకన్నా మేలు," అన్యాది. "అది గోడను పట్టుకోని ఉంటాది. నువ్వు నన్ను గోడ నుంచి పెరుకుతాండావు. ఊడదీస్తే నేను చెడతానో లేదో, ఆ మాట కంబన్నను అడగలేదే నువ్వు?"

"వాని కింద అద్దెకుండల్లనా?"

"అద్దె వద్దన్యాడు కదా."

"అదే. అద్దె తీసుకుంటే నేను అద్దెకుండేవాణ్ణి. తీసుకోకపోతే నేనేంది?"

"అక్క మొగుడివి," అన్యాది. లేచిపోయింది.

నేను ఊడదీసే పని మొదలుపెట్టినా. ఫ్యాన్లు, బల్బులు, హోల్డర్లు, స్విచ్చు బోర్డుల మూతలు. కొళాయి తలలు ఇప్పి గుడ్డ ముక్కలు కుక్కినా. దండెం తీగ చుట్టినా. తలుపు గడియ నేను వేయించిందే, దాన్నీ తీసినా. "మేకులు వదిలిపెట్టినావే, పాపం, వాళ్ళు తగిలించుకోరా?" అన్యాది మహాదేవి ఎకసెక్కంగా. మేకులు కూడా పెరికినా. ఇరవై రెండు. బట్టలుతికే బండ మీద పెట్టి కొట్టి వంకర్లు తీసినా.

అంజలి గడప కాడ నిలబడి చూసింది. "బావా, క్యాలెండరు మేకు ఒకటన్నా ఉండనీ," అన్యాది. నవ్వుతాదో ఏడుస్తాదో తెలీలేదు.

ఆఖరికి మోటరు. పొద్దున్నే ఏసుకుమార్ వచ్చి మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి చైను తగిలించినాడు. నాకన్నా నాలుగేండ్లు చిన్న. ఆదివారం చర్చికి పోకుండా ఉండడు, మిగిలిన ఆరు దినాలు నన్ను ఇడిసి ఉండడు. ఇరవై రెండేండ్ల జత మాది. చైను గుంజితే మోటరు కదల్లేదు. మోకు, అంటే మోటరుకు జామీనుగా కట్టే లావు తాడు, దాని కొస కిందికి వేలాడి యాడనో చుట్టుకున్నట్టుండాది.

"నిదానమన్నా, కొంచెం వదిలి మళ్ళ గుంజుదాం," అన్యాడు ఏసుకుమార్.

నాకు నిదానం యాడిది? ముందర గదిలో ఈరేషు ఫోనులో కొత్త మోటరు మాట్లాడతాండాడు. "ఖరీదైనా సరే, పెద్దదే పంపు." ఆ మాట నా చెవిలో పడతాంటే చైనుకు నా బరువంతా వేసి గుంజినా. ఠప్పుమని ఏదో ఊడింది. లోపల గుడగుడమని శబ్దం, శానాసేపు, కిందికి, ఇంకా కిందికి.

"ఏందో పడిందన్నా."

"మోకు తెగింటాది. గుంజు."

పదమూడు పైపులూ వచ్చినాయి. మోటరు మీద తుప్పు తుడుస్తా ఏసుకుమార్ అన్యాడు, "రాయి సంగతి వాళ్ళకు చెప్పల్ల కదన్నా."

మా పనిలో ఒక కట్టుబాటు ఉండాది. ఒకడు ఎత్తిన బోరులో ఇంకొకడు దించేటప్పుడు, ఎత్తినోడు అడుగులు చెప్పల్ల. యాడ నీళ్ళొచ్చే గ్యాపు ఉండాది, యాడ రాయి ఉండాది, అన్నీ. గిరాకీ గుంజుకోవచ్చు, కూలి కాడ జుట్లు పట్టుకోవచ్చు, అడుగుల కాడ మాత్రం పగోనికైనా నిజమే చెప్పల్ల. నాకు పని నేర్పిన గఫూర్ సాబు మొదటిదినమే బోరు మీద చెయ్యి పెట్టించి చెప్పినాడు, "నీళ్ళ కాడ దొంగబుద్ధి వద్దు బేటా."

అయినా నాకు కంబన్న తీర్పే గుర్తొచ్చింది. గోడ చెడకుండా వచ్చేది మనిషిది. ఆ రాయి సంగతి నా తలకాయలో ఉండాది. తీసుకోనిపోతే ఏ గోడకూ నొప్పి లేదు. అది కూడా నాదే.

"అడిగినప్పుడు చూద్దాంలే," అన్యా.

రెండు వీధుల అవతల మట్టిమిద్దెలో చేరినాం. మేకు కొడితే మట్టి రాలతాది, మేకు నిలబడదు. ఇరవై రెండు మేకులూ డబ్బాలోనే ఉండిపోయినాయి. ఆ ఇంటికి బోరు లేదు. వీధి కొళాయికి రెండు దినాలకొకసారి నీళ్ళు. నా మోటరును గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోసినా. మహాదేవి ఊడ్చేటప్పుడల్లా చీపురు దానికి తగిలేది. తగిలిన ప్రతిసారీ నా దిక్కు చూసేది.

ఈరేషు గృహప్రవేశానికి ముందుదినం కడప నుంచి బోరు వాళ్ళను పిలిపించినాడు. వ్యాను మీదనే చైనుమిషను. పెద్ద మేస్త్రి వసంతకుమార్ అనేటాయప్ప, చేతికి గ్లౌజులు. నా ముప్పైయేండ్ల పనిలో నేను గ్లౌజులు తొడగలేదు. కొత్త మోటరు ఎండలో తళతళమంటాండాది. పైపులు అందించేకి ఏసుకుమార్ను కూలికి పిలిచినారు. ఇంటి పెద్దల్లుణ్ణి నేను, రాకుంటే బాగుండదని మహాదేవి లాక్కొచ్చింది. వేపచెట్టు నీడలో కుర్చీ వేసి నన్ను కూచోబెట్టినారు.

వసంతకుమార్ బోరు మూత తీసి అడిగినాడు, "ఇంతకుముందు దించింది ఎవురప్పా?"

"మా అన్నే," అన్యాడు ఈరేషు, గొప్పగా. "ఈ జిల్లాలో ఆయనకు తెలీని బోరు లేదు. అన్నా, ఎంత లోతుకు దించొచ్చు?"

"బోరు ఆరునూర్ల ఇరవై," అన్యా. "నాలుగు నూర్ల కాడ నీళ్ళు బాగుండాయి."

ఇంతవరకూ అంతా నిజమే.

"మధ్యలో అడ్డం ఏమన్నా ఉండాదా అన్నా?"

ఏసుకుమార్ పైపు ఎత్తబోతా ఆగినాడు. కాకి ఒకటి అరిచింది. మహాదేవీ అంజలీ గుమ్మానికి మామిడాకులు కడతాండారు. ఆ గుమ్మానికి గడియ నేను తీసుకున్యా. వాళ్ళు దానికన్నా మంచిది, ఇత్తడిది, వేసుకున్యారు.

"లేదు," అన్యా. "తేటగా ఉండాది."

పైపులు దిగతాండాయి. ఒకటి. రెండు. నేను కాలి బొటనవేలితో మట్టిలో గీతలు గీస్తాండా. మోటరు రాతి మీద కూచుంటే ఈరేషు మొగం ఎట్లుంటాదో చూడల్లని ఉండె. ఇరుక్కున్నాక పిలుస్తాడు, "అన్నా, నువ్వే దిక్కు" అంటాడు. నేను లుంగీ ఎగ్గట్టి పోతా. నాలుగు దినాలు పట్టినా తీస్తా. అప్పుడు ఈ ఊర్లో అందురికీ తెలుస్తాది నీళ్ళు ఎవురివో. ఏడు. ఎనిమిది. వాని సడ్డకుడు లేకపోతే వాని కువైటు దుడ్లు గుక్కెడు నీళ్ళియ్యవని తెలుస్తాది. పదకొండు. పన్నెండు.

పదమూడు దిగినాక వసంతకుమార్ గ్లౌజులు తీసినాడు. "టీ తాగుదాం."

అంజలి నాకు గ్లాసు తెచ్చిచ్చింది. "నీకు చక్కెర తక్కువేసినా బావా." అది కూడా గుర్తుపెట్టుకుంటారు వీళ్ళు. ఏసుకుమార్ వచ్చి నా కుర్చీ పక్కన గొంతుక్కూచున్యాడు.

"అన్నా, ఇంగ చెప్పు," అన్యాడు మెల్లగా.

"ఏంది చెప్పేది?"

"మరిచిపోయింటివని చెప్పు. ఎవురేమనుకుంటారు? వయసైపోతాండాది అనుకుంటారు, అంతే."

"నువ్వు గమ్మునుండు."

"గఫూర్ సాబు చేతులు పెట్టించింది మన ఇద్దరివీ అన్నా."

"చెప్పితే రేపటి నుంచి నాతో పనికి రావొద్దు."

వాడు లేచి, తలకు చుట్టుకున్న టవాలు తీసి దులుపుకోని, వసంతకుమార్ దగ్గరికి పోయినాడు.

"అన్నా, రెండు నూర్ల డెబ్బై కాడ రాయి ఉండాది. మోటరు ఇరుక్కుంటాది. ఈడనే నిలపండి."

వసంతకుమార్ నా దిక్కు తిరిగినాడు. "ఏందన్నా ఇది? నువ్వు లేదంటివి, ఈయన ఉందంటాండాడు?"

మహాదేవి చేతిలో మామిడాకులు పట్టుకోని చూస్తాండాది. అప్పుడన్నా చెప్పొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా.

"వాడు వేరే బోరు అనుకుంటాండాడు," అన్యా. "వేముల కాడ ఒకటి దించినాం. అది ఇదీ కలిపేసుకున్నాడు."

ఏసుకుమార్ పోయి పద్నాలుగో పైపు ఎత్తి అందించినాడు.

ఎందుకైనా మంచిదని వసంతకుమార్ మిషను ఆపి చేత్తోనే చైను వదుల్తా దించినాడు, జానెడు జానెడు. రెండు నూర్ల అరవై ఐదు. డెబ్బై. డెబ్బై ఐదు. పైపు ఆగలేదు. వెన్నలో కత్తి దిగినట్టు దిగిపోయింది. పదిహేనో పైపు. పదహారు. ఇరవై పైపులూ దిగినాయి. మోటరు నాలుగు నూర్ల కాడ పోయి హాయిగా కూచున్యాది.

అప్పుడు నా చెవిలో మళ్ళ వినపడింది, మేము ఎత్తిననాటి గుడగుడ. కిందికి, ఇంకా కిందికి. మోకు కొస చుట్టుకున్యది ఆ రాతికే. కచ్చతో గుంజి ఊడగొట్టింది నేనే. ఆరేండ్లు నాకు అడ్డమున్న రాయిని, వాని కోసరం, నా చేత్తో నేనే తీసిపెట్టినా.

"ఏమప్పా ఏసుకుమారూ," అన్యాడు వసంతకుమార్, "రాయి యాడికి పోయె? చర్చికి పోయెనా?"

అందురూ నవ్వినారు. ఈరేషు కూడా నవ్వినాడు. "పోనీలే, ఎండకు తల తిరిగింటాది," అన్యాడు.

"ఊర్లోళ్ళను కూలికి పిలిస్తే ఇంతేనప్పా," అన్యాడు వసంతకుమార్. " అరగంట పని చెడగొట్టె."

ఏసుకుమార్ నా దిక్కు చూసినాడు. ఒక్క మాట కోసరం చూసినాడు. "రాయి ఉండె, వాడు చెప్పింది నిజం." అంతే. అది చెప్తే నేను అబద్ధమాడినట్టు తేలుతాది. నేను టీ గ్లాసులో చూసుకుంటా కూచున్యా. మీగడ కట్టింది.

స్టార్టరు నొక్కితే నీళ్ళు పైపును తోసుకోని వచ్చినాయి. నా మోటరుకు అట్ల ఎప్పుడూ రాలేదు. ట్యాంకు ముప్పావుగంటలో నిండి పొర్లింది.

మరుసటి దినం గృహప్రవేశం. పాలు పొంగినాక ఇంటికి పని చేసినోళ్ళకు బట్టలు పెట్టడం మా పక్క ఆనవాయితీ. ఈరేషు నన్ను పీట మీద కూచోబెట్టినాడు. కొత్త పంచె, టవాలు తాంబూలంతో ఇచ్చి, టవాలును వాడే తీసి నా భుజాల మీద కప్పినాడు. "ఈ ఇంట్లో నీళ్ళు మా అన్న చూపించిన నీళ్ళు," అన్యాడు అందురికీ వినపడేటట్టు. "ఆయన తేటగా ఉండాది అన్యాడు, అట్లే ఉండాది. ఆయన మాట తప్పదు." మా అత్త బనగానపల్లె నుంచి వచ్చింది. ఆ దినం నెయ్యి మొదట నా విస్తట్లోనే వేసింది. పదహారేండ్లు ఆ నెయ్యి కోసరం చూసినా. నోట్లో పెట్టుకుంటే వెగటు పుట్టింది.

ఏసుకుమార్ను ఎవురూ పిలవలేదు.

సాయంత్రం వాడే మా ఇంటికి వచ్చినాడు. చైను, మోకు ఎప్పుడూ వాని ఇంట్లోనే పెట్టుకుంటాడు. రెండూ భుజానేసుకోని వచ్చి నా ముందర దించినాడు.

"నీ సామాన్లు అన్నా."

"నీకాడనే ఉండనీరాదా?"

"వద్దు. వసంతకుమార్ వాళ్ళు సోమవారం నుంచి పనికి రమ్మన్యారు. నన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ." మోకు కొస వెతికి పట్టుకోని నా చేతికిచ్చినాడు. కొస పీచుపీచుగా చిరిగి ఉండాది. పీచుల మధ్య బొటనవేలంత నల్లరాయి ముక్క ఇరుక్కోని ఉండాది. "రాత్రి మోకు చుట్ట ఇప్పి చూసినా. రాయి ఉండె కదన్నా?"

"ఉండె," అన్యా.

"నిన్న ఉండె అనింటే సరిపోయేది."

అంతే అన్యాడు. పోయినాడు. వానికి తిట్టేకి రాదు. వచ్చింటే బాగుండు.

ఎనక్కి తిరిగితే గడప కాడ మహాదేవి. నెత్తిన చెల్లెలింటి నుంచి తెచ్చిన నీళ్ళ బిందె. ఎప్పుడొచ్చిందో. అంతా వినింది. బిందె దించి, చెంబుతో ముంచి నా ముందర పెట్టింది. పన్నెండేండ్లుగా ప్రతి సాయంత్రం పెట్టినట్టే పెట్టింది, మొగం మాత్రం చూడలేదు. లోపలికి పోయి చీపురు తీసుకున్యాది. మంచం కింద మోటరుకు చీపురు తగిలిన చప్పుడు.

నీళ్ళు తాగినా. నాలుగు నూర్ల అడుగుల నీళ్ళు. చల్లగా, రాతి వాసన లేకుండా, తియ్యగా ఉండాయి. ఆరేండ్లు ఆ బోరు మీద పడుకోని కూడా నేను ఆ నీళ్ళు తాగలేదు. చెంబు ఖాళీ అయ్యింది. దప్పిక తీరలేదు. ఇంకో చెంబు అడిగేకి నాకు నోరు రాలేదు.